టీవీ మీద వంకాయ రంగు చీర

నిన్నటి నుంచి మా సారపాక చర్చిలో ఫోన్లు గుమ్మం దగ్గర టబ్బులో వేసి లోపలికి రావాలి. పిల్లలు కాదండోయ్, పెద్దలు! ఈ రూలు తెప్పించిన ఘనత నాదే. నవ్వకుండా వినండి.

మా సంఘ పెద్ద ఇశ్రాయేలు తాతకు పిల్లల చేతిలో ఫోన్ కనిపిస్తే బీపీ లేస్తుంది. "బైబిల్ యాప్ అంటరు, లోపల రీల్స్ జూస్తరు. ఇగ పిల్లల ఫోన్లన్నీ టబ్బుల ఎయ్యాలె," అన్నాడు. నేను యూత్ టీచర్‌ని. పాపం, పిల్లలు బిక్కమొహాలు వేశారు. వాళ్ళు వాక్యం చదివేదీ, పాటలు నేర్చుకునేదీ ఫోన్లోనే! నాకు పౌరుషం వచ్చేసింది.

"తాతా, ఒక్క ఆదివారం టైమియ్యండి. ఫోన్ భక్తిగ ఎట్ల వాడాల్నో నేను నేర్పిస్త."

"ఒక్కటే ఆదివారం," అన్నాడు తాత.

నిన్న కాదు, అంతకు ముందు ఆదివారం నేను ఫుల్ రెడీ! నా ఫోన్‌ని వైఫైలో చర్చి టీవీకి కనెక్ట్ చేశాను. వాక్యం ఎట్లా వెతకాలి, నోటిఫికేషన్లు ఎట్లా ఆపాలి... అన్నీ చూపించాను. చివరి స్లైడ్ ఎర్రక్షరాల్లో: 'ప్రార్థనలో ఫోన్ ముట్టను.' పిల్లలందరితో చేతులెత్తించి తీర్మానం చేయించాను. తాత కూడా తలూపాడు. అబ్బ, నా సంబరం చూడాలి!

పాస్టర్ అయ్యగారు ముగింపు ప్రార్థనకు లేచారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ముందు వరసలో అయ్యగారి భార్య, మా అమ్మగారైతే చేతులెత్తి, కన్నీళ్ళతో! అయ్యగారి ప్రార్థన సారపాకలో మొదలై, దమ్మపేట మీదుగా ప్రపంచమంతా తిరిగి వస్తుంది.

ఇంతలో ఒళ్ళో ఫోన్ వైబ్రేట్ అయింది. నేను రోజూ చూసే, చీరలమ్మే లైవ్! నోటిఫికేషన్లు ఆపమని క్లాసు పీకిన నేను, నావి ఆపలేదు. అయ్యగారు ఇంకా దమ్మపేటే దాటలేదు కదా, ఒక్క నిమిషం అనుకున్నా. సౌండ్ తీసేసి, కొంగు చాటున తెరిచా. వంకాయ రంగు, పచ్చంచు, చిన్న చిన్న బుటాలు! ప్రాణం లేచొచ్చింది. 'అక్కా, ఇది నాకు పక్కన పెట్టండి' అని టైప్ చేస్తున్నా.

వెనక కిసుక్కున నవ్వు. తిరిగి గుడ్లురిమాను. ఇంటర్ చదివే కెజియా గడ్డంతో టీవీ వైపు చూపించింది. చూద్దును కదా, అయ్యగారి తల వెనక వంకాయ రంగు చీర! కింద నా టైపింగ్, బారెడు అక్షరాల్లో! కనెక్షన్ తియ్యడం మర్చిపోయాను దేవుడా!

సరిగ్గా అప్పుడే అయ్యగారు, "ప్రభువా, ఈ బిడ్డలను లోకాశల నుండి కాపాడు," అంటున్నారు. నేను ఆపబోయి లైక్ నొక్కాను. టీవీ నిండా ఎర్ర గుండెలు ఎగిరాయి!

ఆమెన్ అనేలోపు ఫోన్ స్విచాఫ్. పిల్లల ఫోన్లు నా వల్లే పోయాయని ఏడుపొచ్చేసింది. తాత మెల్లగా వచ్చాడు.

"బిడ్డా, పిల్లల ఫోన్లు పిల్లల కాడనే ఉండనియ్యి. టబ్బు మనకు పెడదాం."

కెజియా ఊరుకుంటుందా? "తాతా, ప్రార్థనల మీరు కళ్ళు మూసుకోలేదా?"

తాత గొంతు సవరించుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

నిన్న టబ్బు పట్టుకుని గుమ్మంలో కెజియానే. మొదటి ఫోన్ నాది. పిల్లలూ తాతా తప్ప ఇంకెవరూ చూడలేదులే అని ధైర్యం చెప్పుకుంటూ లోపలికి వెళ్ళాను. ముందు వరసలో అమ్మగారు. వంకాయ రంగు, పచ్చంచు, చిన్న చిన్న బుటాలు!

"వందనాలమ్మా! చీర మంచిగుందా?"

"మస్తుగుంది అమ్మగారూ," అన్నాను. పరువు పోయింది నాది, చీర వచ్చింది ఆమెకు!