పదహారో మెట్టు
గిటార్ మెడ మీద అరిగిన మెట్లు పీకి కొత్తవి దిగ్గొట్టడం అతని పని. అందుకే వీధిలో అందరికీ అతను మెట్ల మేస్త్రీ. మేడకి మెట్లు కట్టమని వచ్చినవాళ్లూ లేకపోలేదు. పనయ్యాక ప్రతి మెట్టునీ బొటనవేలి గోటితో గీరి చూస్తాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇవాళ పదహారో మెట్టు దగ్గర గోరు ఆగిపోయింది. మెట్లుగా దిగ్గొట్టే లావు తీగ అయిపోతే చూసుకోకుండా చివరి ఏడు మెట్లకీ సన్న తీగ కొట్టేశాడు! పీకితే చెక్క పెచ్చులూడుతుంది. గిటార్ ఇచ్చివెళ్లిన గిటారిస్టు వచ్చే వేళైంది. ఎత్తు తేడా తెలియకుండా లావు మెట్లని ఆకురాయితో గబగబా అరగదీశాడు.

“ఉన్నమాట చెప్పెయ్యరాదూ?” అంది భార్య.

“చెప్తానే, ముందు నన్ను ఊపిరి పీల్చుకోనీ!”

గిటారిస్టు వచ్చి వాయిస్తున్నంతసేపూ మేస్త్రీ బొటనవేలు నోట్లోనే ఉంది. పాట ఆగింది. “చివరి మెట్ల దగ్గర వేళ్లకి ఇంత చోటెలా వచ్చింది మేస్త్రీ? ఇరుకే లేదు! నా రెండో గిటార్‌కీ అచ్చం ఇలాగే చెయ్యాలి,” అన్నాడతను. మేస్త్రీ తలూపాడు. సన్న తీగ ఇంకా ఉంది. కంగారులో ఎంత అరగదీశాడో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. గీరి చూద్దామంటే, బొటనవేలికి గోరే మిగల్లేదు.