దొరసాని పటానికి దండ

ఇరీనాగారు ఆ పటాన్ని పాతసామాన్ల షాపులో కొన్నదని అందరూ అంటారు గానీ, కొనలేదు. గీసినవాడి సంతకం లేదు గానీ, అందులో ముత్యాలు వేసుకున్న రష్యా దొరసాని తన నాయనమ్మేనని ఆవిడ చెప్పేది. హాలిఫాక్స్‌లో ఆవిడ కింది వాటాలో ఉండే సరోజకు మాత్రం అనుమానం. దొరసాని గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఇరీనాగారి గడ్డం మీద ఎప్పుడూ దట్టంగా పౌడరు ఉంటుంది.

మొన్న పెద్దల అమావాస్యకి సరోజ గారెలు పట్టుకెళ్లి, పోయిన పెద్దావిడే కదా అని పటానికి బంతిపూల దండ వేసింది. ఫొటోకి దండ ఎందుకేస్తారో ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో ఇరీనాగారికి తెలుసు. దాన్ని లాగేసింది.

"నేనింకా బతికే ఉన్నాను సరోజా."

"మరి నాయనమ్మన్నారు? ఆ ముత్యాలు ఎవరివండీ?"

ఆవిడ తలుపేసుకుంది. మూడు రోజులుగా పైన అడుగుల చప్పుడు లేదు. సరోజ కొడితే తలుపు తీయడం లేదు. అటువైపు వెళ్లేవాళ్లెవరైనా ఒకసారి చూసి రండి. పూలు మాత్రం పట్టుకెళ్లకండి.