అత్తమ్మ ఎక్కని సైకిల్

పోయిన ఆదివారం బీదర్‌లో మా మేనత్త కన్నుమూసింది. ఆఖరి పూట కూడా, చూడవచ్చినవాళ్లు చెప్పులు గడపకు అడ్డంగా విడిచారని కసిరిందట. బతుకంతా నర్సుగా గడిపిన మనిషి. రోగాన్నైనా ఓర్చుకునేది గానీ చిందరవందరను ఓర్చుకునేది కాదు.

సమాధి దగ్గర మా చిన్నాయన మాట్లాడాడు. హైదరాబాద్‌లో ప్లాట్ల వ్యాపారం ఆయనది. నల్లకళ్లద్దాలు తీయకుండానే, "నేను కొనిచ్చిన సైకిల్ మీదనే మా అక్క ఊర్లన్ని తిరిగింది" అన్నాడు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అది అబద్ధం. ఆ ప్రయాణంలో ఆమె వెనకే సైకిల్ తొక్కినదాన్ని నేను.

హైదరాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు పేరు చెప్పి, రాళ్లగుట్టలకు కూడా గేట్లు పెట్టి అమ్ముతున్న రోజులవి. అత్తమ్మ అప్పుడే రిటైరైంది. బీదర్ చుట్టుపక్కల ఊర్లు ఖటక్ చించోళి, దుబల్గుండి, మంగళగి సైకిల్ మీద చుట్టి రావాలనుకుంది.

"ఆస్పత్రి జీపుల ఈ ఊర్లన్ని తిరిగిన. ఒక్క దిక్కన్న ఆగి నీళ్లు తాగినమా? నువ్వు వస్తవా, రావా?" అంది నాతో. ఆమె అలా అడిగాక కాదనడం మా ఇంట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు.

వానలు తగ్గేదాకా తయారీ సాగింది. తన పాత లేడీస్ సైకిల్‌కు కొత్త ట్యూబులు వేయించింది. క్యారియర్ మీద జొన్నపిండి సంచి కట్టుకొని, అలవాటు కోసం రోజూ కోట దాకా తొక్కేది. మోకాళ్లు నొస్తే దారి పక్కన కూర్చుని వాటినే తిట్టేది. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పంక్చర్ సామాను, రెండో చీర. వీటికి మించి సంచిలో నేను ఏం పెట్టినా తీసి మంచం మీద పడేసేది. "మొయ్యాల్సింది నీ కాళ్లు. నీ షోకులు కాదు."

అంతలో చిన్నాయన వచ్చి చూశాడు. "గీ వయసుల ఇదేంది అక్కా? నలుగురు చూస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ నా క్యారియర్ మీద ఎందుకు పెట్టినవ్‌రా? దించుకొని పో."

పోయాడు. తెల్లారితే బయలుదేరతామనగా మళ్లీ దిగాడు. ఈసారి వెంట ఫొటోగ్రాఫర్, కారు మీద గేర్ల సైకిల్. ఈలోగా హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్లు ఆదివారాలు సైకిళ్లు తొక్కడం మొదలుపెట్టారు. దాంతో అక్క ఉన్నట్టుండి అక్కరకొచ్చింది. తన వెంచర్ పేరు అచ్చేసిన టీ షర్టు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది తొడుక్కొని ఒక్క ఫొటో దిగు అక్కా. పెద్ద హోర్డింగ్ పెట్టిస్త. ఆరోగ్యం, పచ్చదనం అని రాస్తె జనం ఎగబడ్తరు."

"ఆడ పచ్చదనం ఉన్నదారా?"

"పెడ్తం."

అత్తమ్మ షర్టును అటూ ఇటూ తిప్పి చూసింది. సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని, చైన్‌కు అంటిన నల్లటి జిడ్డునంతా దానితో ఒత్తి ఒత్తి తుడిచింది. ఆనక నీటుగా మడతపెట్టి తమ్ముడి చేతికిచ్చింది.

"బట్ట మంచిదేరా. నూనె బాగ పీలుస్తాంది."

ఫొటోగ్రాఫర్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. గేర్ల సైకిల్ కారు దిగకుండానే వెనక్కి పోయింది. హోర్డింగ్ మీద తర్వాత ఎవరో అమ్మాయి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆ వెంచర్‌లో ఇప్పటికీ ముళ్లకంపే.

సమాధి దగ్గర చిన్నాయన చెప్పింది వందమంది విన్నారు. నేను ఇది రాస్తున్నది అందుకే. ఎవరి మెప్పూ లేకుండా హాయిగా బతకొచ్చని నాకు చూపించింది మా అత్తమ్మ. ఆ హాయిని కూడా ఆయన తన ఖాతాలో వేసుకుంటే ఊరుకోలేను.

ఆ ప్రయాణంలో మంగళగి దాటాక కంది చేల మధ్య ఒక దిగుడు వచ్చింది. బ్రేక్ వేయకుండా జారుతున్న అత్తమ్మకు బర్రెల మంద అడ్డొచ్చింది. ఆమె దిగి, సైకిల్‌ను తుంటికి ఆనించుకుని నిలబడింది. అన్నిటికన్నా వెనక వస్తున్న ముసలి బర్రె ఆమె ముందు ఆగి చీర కొంగు వాసన చూసింది. అత్తమ్మ దాని నొసలు గోకసాగింది. బర్రె కళ్లు మూసుకుంది. మంద ముందుకు పోయింది. వాళ్లిద్దరూ రోడ్డు మధ్యలో అలాగే నిలబడి ఉన్నారు.