స్టెల్లా తాళాల సంచీ

ఏలూరు పవర్‌పేటలో ఇంటింటికీ తిరిగి పిల్లల భోజనం క్యారేజీలు పోగుచేసుకుని, మధ్యాహ్నం గంట కొట్టేలోగా సైకిలు మీద బడికి చేర్చే మనిషి స్టెల్లా. పన్నెండేళ్ళుగా అదే పని. మొగుడు ఏసోబు కొల్లేరు వైపు చేపల చెరువుకి కాపలా, ఆదివారం చర్చికి మాత్రం వస్తాడు. ఇల్లు నడిచేది స్టెల్లా సైకిలు మీదే. వర్షమొచ్చినా ఎండ మండినా ఒక్కరోజు కూడా ఏ పిల్లకీ అన్నం ఆలస్యం కాలేదు. అలాంటి మనిషికి దొంగ అనే పేరు రావడానికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.

ఆ పేరు పెట్టింది ఉమాకుమారి. ఆవిడ భర్త సోమసుందరం ఏదో కంపెనీ ఆఫీసులో గుమాస్తా. కూతురు మనస్వి నాలుగో తరగతి. రెండువేల నాలుగు ఆగస్టులో, పిల్ల క్యారేజీలో అన్నం సగమే ఉంటోందని లిడియా టీచరు కనిపెట్టి తల్లిని పిలిపించింది. ఉమాకుమారి కేకలు వెయ్యలేదు. కేకలు వేసినా బాగుండేది. బడి గేటు దగ్గర, మిగతా తల్లులందరూ చూస్తుండగా, స్టెల్లా భుజం మీద చెయ్యి వేసింది.

"నేను నిండుగానే పెడుతున్నానండీ. పాపం, ఎండలో తొక్కుతుంది కదా, ఆకలేసి ఓ ముద్ద తినుంటుంది. పోనీండి, ఏమీ అనకండి. నేనైతే మాన్పించను."

చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండదు. కొట్టినవాళ్ళని తిరిగి తిట్టొచ్చు, క్షమించినవాళ్ళని ఏం చేస్తాం? వారం తిరక్కుండా ఇరవైరెండు ఇళ్ళలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళు మానేశారు. ఎంగిలి కూడు పిల్లలకెలా పెడతామన్నారు. ఉమాకుమారి మాత్రం మాట నిలబెట్టుకుంది, మానలేదు. రోజూ గుమ్మంలో నిలబడి, జాలిగా నవ్వి క్యారేజీ అందించేది.

ఆ క్యారేజీ ఇంటి దగ్గరే తేలిగ్గా ఉండేది. పన్నెండేళ్ళు మోసిన చేతికి ఆమాత్రం తూకం తెలియదా? కానీ దొంగ కాదని దొంగ చెబితే ఎవరు వింటారు? ఇంత పిసినిగొట్టుతనం చేసి, నింద తన మొహాన రుద్దుతుందా అని స్టెల్లా ఉడికిపోయింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే ఆవిడ నోటితో వెనక్కి తీయించాలి. ఆ ఒక్క కోరిక తప్ప మరో ధ్యాస లేదు. ఆదివారం ప్రార్థనలో క్షమించే మాట దగ్గరికొచ్చేసరికి పెదవులు బిగించేసేది.

ముందు సత్తిబాబు సైకిల్ షాపుకి వెళ్ళింది. తన సైకిలుకున్నది పుస్తకాలు పెట్టుకునే స్ప్రింగు క్యారియరు. దాని మీద ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో క్యారేజీలు. దారిలో ఎవరు చెయ్యిపెట్టినా పెట్టొచ్చు. సత్తిబాబు పాలవాళ్ళు వాడే క్యారియరు చూపించాడు.

"ఇది తీసుకోండమ్మా. రెండు పక్కలా కొక్కేలున్నాయి, తగిలించుకుపోవడమే."

"కొక్కేనికి తగిలిస్తే మూత తియ్యడానికి ఎంతసేపండీ? మళ్ళీ నామీదకే వస్తుంది. ఇంకోటి చూపించండి."

రొట్టెల పెట్టెలు మోసే వెడల్పాటి క్యారియరు తీశాడు. లావు ఊచలు, కాళ్ళు వెనకచక్రం ఇరుసు దాకా దిగి నట్టుతో బిగుసుకుంటాయి. పక్కన వేలాడే సంచీ చక్రంలో పడకుండా చెరోవైపూ అడ్డఊచ ఉంది. స్టెల్లా దాన్ని బిగింపించి, సత్తిబాబుని హ్యాండిలు పట్టుకోమని, తానే ఎక్కి కూర్చుని నాలుగుసార్లు ఊగి చూసింది.

"క్యారేజీలు పెడతారా, మనుషుల్ని ఎక్కిస్తారా అమ్మా?" అని నవ్వాడతను.

"ఊగిందంటే సాంబారు ఒలుకుతుందండీ. ఒలికితే అదీ నేనే తాగేశానంటారు."

సత్తిబాబు మరి నవ్వలేదు.

సంచీ కోసం తాడేపల్లిగూడెం వెళ్ళింది. అక్కడ ఉల్లిపాయల లారీలకి టార్పాలిన్లు కుట్టే పేతురు స్టెల్లాకి సొంత తమ్ముడు. చినుకు దిగని మందపు గుడ్డతో, ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు అరలు కుట్టించింది. ప్రతి అరకీ విడిగా మూత, మూతకి ఇనుప రింగు, రింగుకి చిన్న తాళం.

"అన్నం గిన్నెలకి తాళాలేంటక్కా?" అన్నాడు పేతురు.

"ఒక్కో తాళానికి రెండు చెవులుంటాయిరా. ఒకటి తల్లి దగ్గర, ఒకటి టీచరుగారి దగ్గర. నా దగ్గర ఒక్కటీ ఉండదు."

అక్టోబరులో ఆ సంచీతో బయల్దేరితే వీధంతా వింతగా చూసింది. తాళంచెవి చేతిలో పెట్టినప్పుడు ఉమాకుమారి మొహం పాలిపోయింది. వద్దనడానికి నోరు రావద్దూ? అన్నం తినేస్తోందన్న మనిషి తాళం వద్దంటే నలుగురూ ఏమనుకుంటారు?

మొదటిరోజే కాలవ వంతెన ఎక్కుతుంటే సైకిలు ఎడమకి లాగింది. కుడిపక్క ఉన్నది మనస్వి అర. ఇంకొకరికైతే ఆ తేడా తెలిసేది కాదు, స్టెల్లాకి తెలిసింది. మర్నాడు ఓ రాయి గుడ్డలో చుట్టి రెండు పక్కలా తూకం సరిపోయేలా ఆ అర కింద పాసంగం కట్టింది. సైకిలు తిన్నగా నడిచింది. రోజూ ఇంటి దగ్గర క్యారేజీ అందుకోవడం, బరువు చూసుకోవడం, రాయి సరిచేసుకోవడం. తాళాలు వచ్చాయి కదా, ఇక గొడవలేదనుకుంది లిడియా టీచరు. మనస్వి కూడా గోడవైపు తిరిగి తినడం నేర్చుకుంది. స్టెల్లా మొదటిరోజే అరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ తల్లులందరూ మళ్ళీ ఒక్కచోట చేరాలి. జనవరిలో తల్లిదండ్రుల మీటింగు ఉందని తెలుసు, దానికోసం పళ్ళు బిగించి కూర్చుంది.

మీటింగు రోజు సైకిలు తిన్నగా, తల్లులందరూ కూర్చున్న బడి వరండా దాకా నడిపించుకొచ్చింది.

"లిడియా టీచరుగారూ, మనస్విపాప తాళం అందరి ముందూ తీయండి. క్యారేజీ కూడా మీరే విప్పండి."

టీచరు విప్పింది. పైగిన్నెలో రెండు చెంచాల కూర. కింది గిన్నెలో సగానికి అన్నం. స్టెల్లా గుడ్డలోంచి రాయి తీసి గిన్నె పక్కన పెట్టింది.

"ఈ రాయి ఎంత బరువో పాప అన్నం రోజూ అంత తక్కువండీ. చెవి ఒకటి అమ్మగారి దగ్గరుంది, ఒకటి టీచరుగారి దగ్గరుంది. ఇప్పుడు చెప్పండమ్మగారూ, ఎవరు తిన్నారు?"

మనస్వి లేచింది. "నాకు సయించదండీ. నేనే సగం చాలన్నాను."

"అబద్ధం చెప్పకు తల్లీ," అంది ఉమాకుమారి. లేచి నిలబడింది గానీ తల ఎత్తలేదు. "స్టెల్లా ఒక్క మెతుకు కూడా ముట్టుకోలేదండీ. జూన్‌లో ఆయన ఆఫీసు మూసేశారు. ఎవరికీ చెప్పుకోలేదు. ఉన్నది ముగ్గురికీ సర్దుతున్నాను. టీచరుగారు అడిగేసరికి ఆ మాట నోటికొచ్చేసింది."

ఎందుకు దాచాలి, స్టెల్లాకి కడుపు నిండినట్టయింది. జాలి పడిందా అంటే లేదు. ఆకలి ఆమెకి కొత్త కాదు. ఆకలేసిన రోజున ఆమె ఎవరి మీదా నింద వెయ్యలేదు. మానేసిన తల్లులే చుట్టూ మూగి, రేపట్నుంచి మా పిల్లాడిదీ తీసుకెళ్ళవా అని అడిగారు. "తాళం కొనుక్కుని రండమ్మా," అంది ఒక్కొక్కరితో. ఉమాకుమారి ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

భోజనాలయ్యాక ఖాళీ క్యారేజీలు అరల్లో సర్దుతుంటే మనస్వి తనది తానే కడిగి తెచ్చింది. అరలో పెట్టి, మూత సరిచేసింది.

"ఆంటీ, మీరు తినలేదని నాకు ముందే తెలుసండీ. అమ్మ పెట్టేటప్పుడు రోజూ చూస్తాను."

స్టెల్లా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "మరి గేటు దగ్గర ఆ రోజు చెప్పలేదేమ్మా?"

"చెబితే అందరూ మా అమ్మని అంటారు కదండీ. ఇవాళ మీరు అనిపించారు." ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. "నేను పెద్దయినా మర్చిపోనండీ."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. తరగతి గంట కొడితే వరసలో చేరడానికి తిన్నగా నడిచి వెళ్ళింది. పగ ఎలా మొదలవుతుందో స్టెల్లాకి ఒకరు చెప్పక్కర్లేదు. సైకిలు స్టాండు తీసింది గానీ ఎక్కలేకపోయింది. ఆ పిల్ల గదిలోకి వెళ్ళి కనబడకుండా పోయేదాకా హ్యాండిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.