ఎడమకాలు తిప్పే పటాలం

కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో అతన్ని అందరూ మిల్లీమీటరు అంటారు. ముద్దుగా మాత్రం కాదు. మోకాలి కింద బిగించే గొట్టం ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కోస్తే చాలు, కోసినవాడిని పదిమందిలో నిలబెట్టి కడిగేస్తాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో తన తప్పు ఒక్కటి ఒప్పుకున్న పాపాన పోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చూశాం. ఈయనగారు ఆ నాలుగో కాలు తానే చేసి అమర్చి, కుందేలుకే గెంతడం రాదని తిట్టే రకం.

పెళ్లి లేదు, స్నేహితులు లేరు. సాయంత్రం ఇంటికి రాగానే కంప్యూటరు ముందు కూర్చుంటాడు. పాతకాలపు రాజ్యాల మీద ఒక వీడియో గేమ్ ఉంది. కోటలు కట్టడం, సైన్యాలు పెంచడం, పక్కవాడి మీద పడటం. దాని అభిమానులు సొంతంగా కొత్త సైనిక దళాలు తయారుచేసి, ఇంటర్నెట్‌లో తమ ఫోరంలో పెట్టి, ఒకరికొకరు ఊరికే పంచుకుంటారు. బొమ్మ గీసి వదిలేస్తే కుదరదు. దళం నడవాలి, నిలబడాలి, పొడవాలి, పడి చావాలి. ఒక్కో కదలికకు పదుల కొద్దీ ఫ్రేములు. మిల్లీమీటరు అప్పటికి తొమ్మిది దళాలు పంచాడు. కవచానికి ఎన్ని మేకులుండాలో అన్నీ ఉండేవి. అయినా ప్రతిసారీ ఎవడో ఒకడు అదే మాట రాసేవాడు: "మీ సైనికులు నడవడం లేదు, తేలుతున్నారు." ఒంటికి కారం రాసుకున్నట్టుండేది అతనికి. పొద్దస్తమానం మనుషుల్ని నడిపించేవాడికి నడక తెలియదంటారా!

అందుకే పదోది, ఈటెల దళం, మొదలుపెట్టినప్పుడు అన్నయ్య నడిచిన పాత వీడియో ఒకటి బయటికి తీశాడు.

అన్నయ్య లిఫ్టు మెకానిక్. రెండేళ్ల కిందట లిఫ్టు గుంటలో ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. ఏడాది కిందట కొత్త కాలు తమ్ముడే చేశాడు. అన్నదమ్ములది చిన్నప్పటి నుంచీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. కొలతలు తీసిన రోజూ అదే వరస. "నిటారుగా నిలబడు" అని తమ్ముడు. "నిలబడ్డం నువ్వు నేర్పక్కర్లేదురా బొమ్మలోడా" అని అన్న. ఆ అరుపుల మధ్యే టేపు పట్టారు, అంకె రాశారు, కాలు తయారైంది. గీతలు గీసిన నేల మీద అన్నయ్యను నడిపించి, పక్క నుంచీ ముందు నుంచీ వీడియో తీశాడు. లోపం పట్టుకోవడానికే ఆ వీడియో. కానీ పద్దెనిమిదేళ్లుగా అలాంటి నడకలే చూసి చూసి అతని కన్ను వాటికే అలవాటు పడిపోయింది. పైగా కాలు చేసింది తాను. ఇంకేం, భేషుగ్గా ఉందనుకున్నాడు.

అప్పటి నుంచి ఏడాదిగా అన్నయ్యది ఒకటే పాట. "ఈ కాలు పొడుగైందిరా. నేలకి తగుల్తోంది. నడుం పట్టేస్తోంది." తమ్ముడిది ఒకటే జవాబు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. రోజూ నడువు, అదే అలవాటవుతుంది." ఒకసారి వదిన ఫోన్ చేసింది. "ఒక్కసారి వచ్చి చూడవయ్యా, మెట్లు దిగలేకపోతున్నారు."

"మెట్లు దిగలేకపోతే లిఫ్టెక్కమను వదినా, బాగుచేసుకోవడం ఆయనకి వచ్చుగా" అన్నాడు.

ఆవిడ ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు.

సరిగ్గా ఆ వీడియోనే ముందు పెట్టుకుని, ఫ్రేము తర్వాత ఫ్రేము, రెండు నెలల పాటు ఈటెల దళాన్ని నడిపించాడు. ఈసారి అడుగులు నేలకు ఆనాయి. ఫోరంలో పెడుతూ, "నడక గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఇక నోళ్లు కుట్టుకోవచ్చు" అని రాశాడు కూడా. నోరు ఊరుకోదు కదా.

మర్నాటికి నూట నలభై వ్యాఖ్యలు. "అడుగులో బరువు బాగుంది, మరి ఎడమకాలికేమైంది?" "నలభై మంది సైనికులు, నలభై ఎడమకాళ్లూ పక్కకు తిప్పి వేస్తున్నారు." "కుడికాలి వేళ్ల మీద లేస్తున్నారు చూడండి, పేడ తప్పించుకుంటున్నట్టు." "మీ రాజ్యంలో కుంటివాళ్లకే కొలువా?" ఒకడు ఆ పటాలానికి పాట జోడించి వీడియో చేశాడు. నలభై మంది ఒకేసారి కాలు తిప్పుతుంటే జనం పడీ పడీ నవ్వారు.

మిల్లీమీటరు ఒక్కొక్కరి మీదా విరుచుకుపడ్డాడు. కళ్లు దొబ్బాయా అన్నాడు. మీరు పుట్టకముందు నుంచీ నడకలు చూస్తున్నానన్నాడు. ఇది నిజం మనిషి నడక, వీడియో పక్కన పెట్టుకుని చేశానన్నాడు. దానికి ఎవరో, ముక్కూ మొహం తెలియనివాడు, వెటకారం లేకుండా జవాబిచ్చాడు: "అయితే ఆయనకు ఎడమకాలు పొడుగై ఉంటుంది. నేలకు తగలకుండా తిప్పుకుంటున్నాడు. పాపం, ఎవరికైనా చూపించండి."

నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. వీడియో తెరిచి, అన్నయ్య ఊరికే నిలబడ్డ చోట ఆపి, నడుం మీదుగా అడ్డగీత గీశాడు. ఎడమవైపు ఎత్తు. సెంటీమీటరు పైనే. ఈ కాలు ఇంకొకడు చేసుంటే గేటు బయటికి నెట్టేవాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. అంత సిగ్గులోనూ అతని కళ్ల ముందు ఉన్నది నవ్విన ఆ నూట నలభై మందే. అన్నయ్య నడుం ఇంకా గుర్తుకు రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం పనిముట్ల సంచీతో అన్నయ్య ఇంటికి వెళ్లాడు. వదిన తలుపు తీసి, రమ్మనకుండానే పక్కకు తప్పుకుంది. అన్నయ్య కుర్చీలో ఉన్నాడు. కాలు విప్పి గోడకు ఆనించి ఉంది.

"కాలు పొడుగుంది అన్నయ్యా. సెంటీమీటరు. నేనే తప్పు కొలిచాను."

అన్నయ్య ఎగాదిగా చూశాడు. "ఏడాదిగా మొత్తుకుంటుంటే చెవిటోడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇప్పుడెవరు చెప్పారు?"

చెప్పాడు. వీడియో, ఈటెల దళం, నవ్విన జనం, అన్నీ.

"అంటే నా నడక చూసి లోకమంతా నవ్విందన్నమాట."

"నిన్ను కాదు, నా సైనికుల్ని."

"సరే. ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన ఆదివారం."

"మరి ఈ వారమంతా ఏం చేశావు?"

మిల్లీమీటరు తల దించుకున్నాడు. అబద్ధం ఒకటి నాలుక దాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. "దళాన్ని సరిచేసి మళ్లీ పెట్టాను" అన్నాడు.

అన్నయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మాట వదిన దగ్గర నుంచి వచ్చింది.

"పోన్లే. ఆ నలభై మందికీ నడుం నొప్పి తగ్గిందా?"