పధ్నాలుగో అట్టపెట్టె

ఇల్లు మారడమంటే నాకు లెక్కే లేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆయనది బదిలీల ఉద్యోగం, అప్పటికి నాలుగిళ్లు మారాం. అట్టపెట్టెలకి నంబర్లు వేసి, ఏ పెట్టెలో ఏముందో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. పధ్నాలుగోది మందుల పెట్టె. మా పాపకి ఉబ్బసం. దుమ్ము రేగితే చాలు, ఊపిరాడదు. అందుకే ఆ ఒక్క పెట్టెనీ వ్యానెక్కించకుండా నా దగ్గరే ఉంచుకున్నాను.

పాతపట్నం నుంచి శ్రీకాకుళానికి సామాను తెల్లవారగానే బయల్దేరింది. కొత్తింట్లో పాలు పొంగించడానికి పదింటికి ముహూర్తం. దేవుడి పటాలూ బియ్యం ఒళ్లో పెట్టుకుని మా అత్త, ఆయనా వ్యాన్లోనే వెళ్లిపోయారు. ఇల్లు ఊడ్చి, తాళం ఇచ్చేసి నేనూ పాపా బస్సులో వెళ్లాలి.

పాపని అరుగు మీద కూర్చోబెట్టి అటక దులిపాను, ఇల్లంతా ఊడ్చాను. పాత చీపురు కొత్తింటికి పట్టుకెళ్లకూడదు గదా. దాన్నీ, పెరటి గుమ్మం మూల చీపురు పెట్టేచోట ఉన్న సంచినీ కలిపి వీధిలోకొచ్చిన చెత్తబండిలో పడేశాను. సంచిలో ఏముందో చూడలేదు. పీడా వదిలిందనుకున్నాను.

వెనక్కి వచ్చేసరికి పాప గోడ పట్టుకుని నిలబడి ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఛాతీలోంచి పిల్లికూతలు.

"అమ్మా, స్ప్రే," అంది. ఆ రెండు మాటలకే ఆయాసం.

పధ్నాలుగో పెట్టె టేపు పళ్లతో పీకాను. స్టీలు గ్లాసులు. అడుగుదాకా స్టీలు గ్లాసులే. మందుల షాపు తెరవడానికి ఇంకా గంట పైనే ఉంది. ఆయనకి ఫోన్ చేసి, అత్తకివ్వమని అరిచాను.

"అత్తా, పెట్టెలో మందులేవీ?"

"పెట్టె మాతోటే యానెక్కుతాదనుకుని తీసీసి గలాసులెట్టినాను. మందులు ముందు కొత్తింటి గడప దాటితే రోగం కూడా వస్తాది. ఆకర్ని నువ్వు అట్టుకొస్తావని సీపురు కాడ సంచిలో ఎట్టినాను. సెప్తే కోప్పడతావని సెప్పలేదు. ఏటే, గుంటకేటయ్యింది?"

ఫోన్ పెట్టేశాను. పాపని చంకనేసుకుని పరిగెత్తాను. దాని పెదాలు నల్లబడుతున్నాయి. చెత్తబండి వీధి మలుపు తిరుగుతోంది. భగవంతుడా, నా చేత్తోనే పారేశాను కదా అని అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. బండి ఎవరింటి ముందో ఆగింది కాబట్టి సరిపోయింది. పాపని కింద దించి, ఎంగిలి విస్తళ్లలోకి మోచేతుల దాకా చేతులు దూర్చి వెతికాను. సంచి దొరికింది.

దాని నోట్లో స్ప్రే రెండుసార్లు కొట్టాను. ఆగి, మళ్లీ కొట్టాను. రోడ్డు మీదే చతికిలబడి దాని వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. చాలాసేపటికి పిల్లికూతలు తగ్గాయి. పాప బాగానే ఉందని ఆయనకి ఫోన్లో చెప్పాను. అమ్మకివ్వనా అన్నారు. వద్దన్నాను. బస్సులో దారి పొడుగునా అత్తని ఏమేం అనాలో అన్నీ పోగేసుకున్నాను.

మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. సామానంతా ఇంకా వరండాలోనే ఉంది. అత్త గడప బయట మెట్టు మీద పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ముహూర్తం దాటిపోయింది గదత్తా," అన్నాను.

"దాటనీ." పాపని దగ్గరికి లాక్కుని ఛాతీకి చెవి ఆనించింది. ఊపిరి విని విని, అప్పుడు నావైపు చెయ్యి చాపింది. "అది ఇలాగియ్యి."

స్ప్రే ఇచ్చాను. దాన్ని గుప్పిట్లో పట్టుకుని కుడికాలు లోపల పెట్టింది. దేవుడి పటం, పొయ్యి, పాలగిన్నె ఆయన వెనకే తెచ్చి పొయ్యిగట్టు మీద పెట్టారు. అత్త పటం ముందు స్ప్రే ఉంచి, పొయ్యి వెలిగించడానికి అగ్గిపుల్ల గీసింది. విరిగింది. ఇంకోటి గీసింది, అదీ విరిగింది.

అగ్గిపెట్టె తీసుకుని మూడోది నేను గీశాను.