పసుపంటిన గిటారు

మా ఆయన రిటైరైన ఏడాది మా ఇంట్లోకి రెండు కొత్త వస్తువులు వచ్చాయి. ఒకటి చెవి మిషను, రెండోది ఎలక్ట్రిక్ గిటారు. మొదటిది డాక్టరు చెబితే కొన్నాం. రెండోది కొనమని ఎవరూ చెప్పలేదు.

ఆయన రాయ్‌పూర్ పక్కన సిల్తరాలో ఒక రోలింగ్ మిల్లులో పనిచేశారు. కాలిన ఇనుము రోలర్ల మధ్య నలిగేటప్పుడు ఎంత చప్పుడవుతుందో ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఏడాదికేడాది మా టీవీ గొంతు పెరుగుతూ వచ్చింది. రాయ్‌పూర్‌లో మేముండేది మోవాలో, మా కింది వాటాలో ఉండే ఆవిడకి తెలుగు ముక్క రాదు. అయినా మేం చూసే సీరియల్లో అత్తగారు ఎప్పుడు వస్తుందో ఆవిడకి తెలిసేది.

వినపడకపోతే వినపడలేదని చెప్పే మనిషైతే బాగుండేది. ఈయన తలూపేవారు. కూరల బండివాడు సొరకాయలు చూపించి ఏదో అడిగితే తలూపారు. ఆ వారమంతా మేం సొరకాయే తిన్నాం. విజయనగరం నుంచి ఆయన చెల్లెలు ఫోన్ చేస్తే మోగుతున్న ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టేవారు. చెవి మిషను పెట్టుకుంటే గిన్నెలన్నీ నెత్తి మీద పడుతున్నట్టు ఉందని, దాన్ని తాళాల డబ్బాలో పడేశారు. ఇద్దరున్న ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుకోవడం నాకు అలవాటు కాలేదు. కోపం వచ్చేది. కొన్నిసార్లు వంటింట్లో నిలబడి ఏడ్చేదాన్ని. దానికి చాటు అవసరం లేదు, ఎలాగూ ఆయనకి వినపడదు.

గిటారు సంగతికొస్తే, మిక్సీ జార్ బాగుచేయించుకు రమ్మని ఆయన్ని గుఢియారీ బజారుకి పంపించాను. ఆయన గిటారుతో వచ్చారు. జార్ ఏదండీ అంటే తలూపారు. అది అక్కడే మరిచిపోయారు.

కుర్రతనంలో ఆయన రైల్వే కాలనీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారట. నేను చూడలేదు. వినాయక చవితి పందిళ్లలో, మనవాళ్ల పెళ్లిళ్లలో వాయించేవారని మా అత్తగారు చెప్పేవారు. ఆ గిటారు ఆర్కెస్ట్రా ఓనరుది. కచేరీ అవగానే తిరిగి ఇచ్చేయాలి. తర్వాత మిల్లులో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నేను వచ్చాను. ఆయన ఇన్నేళ్లలో ఒక గిటారు కావాలని నోరు తెరిచి అడిగింది లేదు. గుఢియారీలో రైలు పట్టాల పక్కన ఒక బాజావాడు, అందరూ డీజేలే పెట్టించుకుంటున్నారని తన ఆర్కెస్ట్రా సామానంతా అమ్మేస్తున్నాడట. ఈయన కంట్లో అది పడింది.

బాజావాడు దాన్ని ఇంపోర్టెడ్ అన్నాడు. ఎక్కణ్ణించి ఇంపోర్ట్ అయిందో చెప్పలేదు. గిటారు తల మీద కంపెనీ పేరు ఉండాల్సిన చోట, బొట్టుబిళ్ల అంటించి తీసేస్తే నుదుటి మీద మిగిలే జిగురు లాంటి మరక ఒకటుంది. అంతే.

ఎలక్ట్రిక్ గిటారు సంగతి మీకు తెలుసో లేదో. మామూలు గిటారుకి లోపల డొల్ల ఉంటుంది, అందుకే గట్టిగా పలుకుతుంది. ఇది గట్టి చెక్క. యాంప్లిఫయర్ పెట్టెకి తగిలిస్తేనే దాని గొంతు బయటికి వస్తుంది. లేకపోతే దోమ గోల. ఆ పెట్టె ఎప్పుడు కొంటారని అడిగాను. కాగితం మీద రాసి మరీ అడిగాను.

"పహ్లే ఇదేటో తెలాలి కదే," అన్నారు. "ఏ మోడలో, లోపలేటున్నాదో తెలీకుండా పెట్టె ఎలా కొనెస్తాం?"

నాకు గిటార్ల గురించి తెలియదు. ఆయన గురించి తెలుసు. పెట్టె కొని, తగిలించి, తీగ మీటి, అప్పుడు కూడా వినపడకపోతే? ఆ మాట తేలిపోవడం ఆయనకి ఇష్టం లేదు. మోడల్ తెలియనంత కాలం మీటక్కర్లేదు. మీటనంత కాలం తను ఇంకా గిటారిస్టే. ఈ మనిషికి అదొక్కటైనా మిగలాలని నాకూ ఉంది. కానీ గోడకి ఆనించిన గిటారుని మనిషి రోజంతా చూస్తూ కూర్చోవడం కూడా చూడలేకపోయాను. ఏదో ఒకటి తేల్చేద్దామని నేనే నడుం కట్టాను.

నేను హిందీ మీడియం బళ్లో లెక్కలు చెప్పినదాన్ని. కొలతలంటే నాకు భయం లేదు. కుట్టుమిషను టేపు తీసుకుని మొదలుపెట్టాను. తీగలు తల దగ్గర ఆనే తెల్ల పట్టీ నుంచి కింద బిగించిన చోటి దాకా ఇరవై అయిదున్నర అంగుళాలు. మెడ మీద ఇత్తడి రంగు మెట్లు ఇరవై రెండు. తీగలు బిగించే మరలు ఆరూ ఒకే వైపు వరుసగా. తీగల కింద మూడు అయస్కాంతపు కాయిళ్లు. మెడని ఒంటికి నాలుగు స్క్రూలతో బిగించారు. ఇవన్నీ ఆయనకి అరిచి చెప్పి సరిచూసుకునేదాన్ని. మర్నాడు కింది వాటా ఆవిడ వచ్చి మీ గీజర్ కాయిల్ పోయిందా, మా తమ్ముడు బాగుచేస్తాడు అంది. వద్దులెమ్మన్నాను.

ఈలోగా దసరా వచ్చింది. రాయ్‌పూర్‌లో మిల్లులవాళ్లంతా విశ్వకర్మ పూజ చేస్తారు, మేం మాత్రం మా ఊరి పద్ధతిలో దసరాకే ఆయుధ పూజ చేసుకుంటాం. స్కూటర్‌కి, కుట్టుమిషనుకి, ఆయన పాత పానాలకి, కొత్త మిక్సీ జార్‌కి పసుపు కుంకుమ పెట్టాను. గిటారు కూడా పనిముట్టే కదా అని దాని ముందున్న తెల్ల ప్లాస్టిక్ పలక మీద ఓ బొట్టు పెట్టాను. ఆయన మొహం మాడ్చారు. సరేనని తడిగుడ్డతో తుడిచాను. బొట్టు పోయింది. పసుపు మాత్రం పలకంతా సమంగా పరుచుకుని, గోరింట పండినట్టు పండి కూర్చుంది. ఇక ఏం చేసినా పోలేదు.

తర్వాత ఫోటోలు తీసి, కొలతలు రాసి, ఫోన్‌లో పాత గిటార్ల పిచ్చివాళ్ల గుంపు ఒకటుంటే అందులో పెట్టాను. సాయంత్రానికి దేశంలోని పెద్దలంతా దిగిపోయారు. రూపం చూస్తే అందరికీ తెలిసిన ఆ అమెరికా గిటారు తీరే అన్నారు. పాతవాటికి మెట్లు ఇరవై ఒకటే, దీనికి ఇరవై రెండు కాబట్టి కొత్తదని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన ఫోటో పెద్దది చేసి చూసి, తెల్ల పలక ఇంత అందంగా పసుపెక్కాలంటే ముప్పై నలభై ఏళ్లు పడుతుందని, అలాంటి రంగుని నకిలీ చేయడం ఎవరి తరమూ కాదని రాశాడు. ఆ రంగు మీద వాళ్లలో వాళ్లకి తగువు పడింది. సిగరెట్ పొగ వల్ల అని ఒకరు, ఎండ వల్ల అని ఒకరు. చివరికి జపాన్‌లో తయారైన పాత సరుకని ఎక్కువమంది తేల్చారు.

మా ఆయన అదంతా చదువుకుని రెండు పూటలు సంతోషంగా అన్నం తిన్నారు. నాకు మనసొప్పక, అది దసరాకి నేను రాసిన పసుపని అందులో పెట్టాను. తర్వాత ఎండ వల్ల అన్నాయన, మీరు ఏ పసుపు వాడతారని అడిగాడు.

ఇక విప్పి చూడమన్నారు. నాలుగు స్క్రూలూ తీశాం. స్క్రూలు తీయడంలో మా ఆయన చేతికి వంక పెట్టలేం. మెడ ఊడి వచ్చింది. దాని కింద ఎత్తు సరిపోక, మడిచి పెట్టిన శుభలేఖ ముక్క ఉంది. సగం వినాయకుడు కనిపిస్తున్నాడు. ఒళ్లు పొరలు పొరలుగా అతికించిన ప్లైవుడ్. రంగు కింద ఇంకో రంగు. పలక తీస్తే మూడు కాయిళ్లలో రెండు అన్నదమ్ములు, మూడోది పరాయిది. ఆ ఫోటోలూ పెట్టాను.

ఈసారి ఎవరూ తగువు పడలేదు. ఒంటిని ఒకచోట, మెడని ఇంకోచోట, కాయిళ్లని దొరికిన చోట తెచ్చి ఎవరో ఆర్కెస్ట్రా మేస్త్రీ కలిపాడన్నారు. దీనికి మోడలంటూ లేదు. ఏడాదీ లేదు. మామూలు చవక పెట్టె ఏది తగిలించినా పనిచేస్తుందని చివర్లో ఒక మాట రాశారు.

ఆ చివరి మాట ఆయనకి చూపించాలంటే నాకు భయం వేసింది. అది జపాన్‌ది కాదన్నందుకు కాదు. ఇక తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మీటాలి. ఫోన్ ఆయన చేతికిచ్చి, పెసలు ఏరే పళ్లెం పట్టుకుని అదే గదిలో కూర్చున్నాను. ఏరడానికి అందులో ఏమీ లేదు.

ఆయన చదివారు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. మెడని యథాస్థానంలో పెట్టి, శుభలేఖ ముక్కని కూడా ఎలా ఉన్నదాన్ని అలా పెట్టి, స్క్రూలు బిగించారు. తీగలు సరిచేద్దామని మంచం మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నారు. బిగించే మరలు కంటికి సరిగ్గా ఆనక కిందికి వంగారు. వంగినప్పుడు గడ్డం, గిటారు మెడకి రెండు వైపులా పొడుచుకొచ్చిన కొమ్ముల్లో పైదానికి ఆనింది. అలాగే ఉండి ఒక తీగ మీటారు.

ఆగిపోయారు.

గడ్డం ఎత్తి మళ్లీ మీటారు. మళ్లీ ఆనించి మీటారు. తర్వాత దవడ ఎముకని చెక్కకి గట్టిగా అదిమి, కళ్లు మూసుకుని, వరుసగా ఏదో వాయించడం మొదలుపెట్టారు. వేళ్లు మొద్దుబారిపోయి ఉంటాయనుకున్నాను. లేదు, నడుస్తున్నాయి. నేను లేచి ఫ్యాన్ ఆపాను. కిటికీ మూశాను. రోడ్డు మీద లారీల చప్పుడు తగ్గింది. అయినా నాకు చేరింది దోమ గోలే, ఏ పాటో కూడా పోల్చుకోలేకపోయాను. దగ్గరికెళ్లి మంచం అంచున కూర్చుని చెవి పెట్టాను.

ఆయన ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు.

"ఇంత గట్టిగా వాయిస్తంటే వినబడ్లేదేటి?" అన్నారు. "చెవుడొచ్చీసిందేటి నీకు?"

నేను తలూపాను. ఆయన కాస్త జరిగి, గిటారు రెండో కొమ్ము నా వైపు తిప్పారు.